ముప్పై ఐదు గ్రాములు

గురువారం పొద్దున తుపాకుల మేస్త్రి గెర్లిండ్ కెంప్ఫ్ తన వర్క్‌షాప్‌లో లేత్ మెషీన్ పక్కన చచ్చిపడి ఉంది. చెవి వెనక ఒకే తూటా. పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్. చిన్న తూటా, చిన్న చప్పుడు. జూల్ పట్టణం కొన్ని వందల ఏళ్లుగా తుపాకులు చేసి బతుకుతోంది. అలాంటి తూటా దొరకని వీధి ఆ ఊళ్లో లేదు. దాన్ని పట్టుకుని పోలీసులు కనిపెట్టగలిగింది ఏమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆమె ఫొటో అన్స్‌గార్ టీలెమన్ ముందుకొచ్చింది. అతనికి యాభై ఏడేళ్లు. దేశాన్ని రెండుగా చీల్చిన గోడ నిలబడి ఉన్నన్నాళ్లూ పడమటి నుంచి తూర్పు వైపు వెళ్లొస్తూ పనిచేసిన గూఢచారి ఏజెంట్. గోడ కూలాక ఆఫీసులో అతనికి ఒక కుర్చీ, ఒక కిటికీ మిగిలాయి. ఫొటో ఒకసారి చూసి బోర్లా పెట్టాడు.

బల్లకి అవతల చీఫ్ ఓస్టర్లో. అతని కన్నా పదేళ్లు చిన్నావిడ.

“ఈమె మీకు తెలుసు కదా?” అంది.

“తెలుసు. నా మనిషి.”

“మీ మనిషో వాళ్ల మనిషో ఇప్పటిదాకా తేలలేదు.”

గోడ కూలి తూర్పు గూఢచారి శాఖ బీరువాలు తెరిచినప్పుడు గెర్లిండ్ పేరు మీద ఒక రిపోర్టు దొరికింది. ఏటా వసంతంలో జూల్ పిస్టల్ పోటీలకి వచ్చే టైల్స్ వ్యాపారి ఒకడి గురించి ఆమె అటువైపు వాళ్లకి చెబుతూ వచ్చిందట. ఆ టైల్స్ వ్యాపారి అన్స్‌గారే. అటు నమ్మకం నిలబెట్టుకోవడానికి చెప్పిందో, నిజంగానే అమ్మేసిందో ఎవరికీ తెలియదు. ఆఫీసు ఆమెతో తెగతెంపులు చేసుకోమంది. అతను చేసుకున్నాడు. ఎందుకు చెప్పావని ఆమెను ఒక్కసారీ అడగలేదు.

“అసలు పని వినండి,” అంది ఓస్టర్లో. “ఇంజనీర్ వీలాండ్. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి. తూర్పున పాత సైన్యం వదిలేసిపోయిన ఆయుధాల సరుకుని దేశం దాటిస్తున్న రింగ్‌లో ఎవరెవరున్నారో పేర్లతో చెప్పగలిగింది ఆయనొక్కడే. రేపు జూల్ క్లబ్‌లో స్ప్రింగ్ కప్ పిస్టల్ పోటీ. ఆయన ఆడతాడు.”

“ఆపండి.”

“ఆపి చూశాం. దాక్కుని బతికే మాటైతే సాక్ష్యం చెప్పడం దేనికి అంటున్నాడు. రేపు కప్‌లో ఒక ప్రమాదం జరుగుతుందని మాకు కబురొచ్చింది. ప్రమాదం అన్న మాటే వాడారు. పక్క లేన్‌లో ఎవడో కంగారు మనిషి, పిస్టల్ లోడ్ చేస్తూ చెయ్యి తిప్పుతాడు, తూటా పేలుతుంది. అయ్యో పాపం అని ఏడుస్తాడు. రెండేళ్లు జైలు. పిస్టల్ అన్ని రూల్సు ప్రకారం ఉంటుంది, హత్య అని మనం నిరూపించలేం.”

“ఆ పిస్టల్‌ని తయారు చేసింది గెర్లిండ్.”

“ఆమే. ఆ రింగ్ పాత తూర్పు వాళ్లదే, వాళ్లు ఆమెను ఇంకా తమ మనిషే అనుకున్నారు. తీసుకెళ్లింది ఎవడో మాకు తెలియదు. తీసుకెళ్తూ ఆమె నోరు మూయించాడు.”

ఓస్టర్లో పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది.

“మంగళవారం ఆమె ఇక్కడికి ఫోన్ చేసింది. మీ కోసం. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని చెప్పారు.”

“ఏమంది?”

“‘హోల్గర్‌ని ఒకసారి వచ్చి బరువు సరిచూసుకొమ్మనండి’ అంది. ఫోన్ తీసింది కొత్త కుర్రాడు. హోల్గర్ అంటే మీరేనని వాడికి తెలియదు. నాకు ఇవాళ చెప్పాడు.”

అన్స్‌గార్ కిటికీ వైపు చూశాడు. బయట ట్రామ్ ఆగి కదిలింది.

ఓస్టర్లో సొరుగులోంచి ఒక ఇత్తడి తూకం రాయి తీసి బల్ల మీద పెట్టింది. పైన కొక్కెం. పక్కన ‘1 కిలో’ అని చెక్కి ఉంది. అడుగున డ్రిల్లు వేసి, ఆ రంధ్రానికి వాల్‌నట్ చెక్క బిరడా బిగించి, దానికి నల్లరంగు పూశారు. ఇప్పుడు బిరడా ఊడి పక్కన ఉంది.

“వర్క్‌షాప్ అంతా విప్పితే ఇది దొరికింది. మీకు రహస్యాల ఫిల్మ్ ఇలాగే కదా దాచి పంపేది?”

“ఇలాగే.”

“లోపల ఏమీ లేదు. ఉన్నదాన్ని అమ్మేసుకుని ఉంటుంది.”

“ఇది నేను తీసుకోవచ్చా?”

“జ్ఞాపకానికా?”

అన్స్‌గార్ బిరడా నొక్కి పెట్టి, రాయిని కోటు జేబులో వేసుకున్నాడు. జేబు కిందకి జారింది.

*

గెర్లిండ్‌ని మొదటిసారి కలిసినప్పుడు అతని దగ్గర ఒక తేలికపాటి రిమ్‌ఫైర్ పిస్టల్ ఉండేది. పైభాగం అల్యూమినియం. జేబులో వేసుకుంటే ఉన్నట్టు కూడా తెలిసేది కాదు. దాన్నే పట్టుకుని హోల్గర్ అనే పేరుతో, పడమటి వైపు కాసెల్ నుంచి వచ్చిన టైల్స్ వ్యాపారిగా పోటీకి దిగాడు. కింద నుంచి రెండో స్థానం వచ్చింది. పిస్టల్ బాగుచేయించుకోవడం అనే సాకుతో ఆమె షాపుకి వెళ్లాడు.

ఆమెకి అప్పుడు నలభై. లేత్ దగ్గర నిలబడినా పెదాలకి ఎర్రరంగు ఉండేది. ఊళ్లో మగవాళ్లు ట్రిగ్గర్లు పాడవకుండానే పాడయ్యాయని తెచ్చేవాళ్లు. అధికార పార్టీ పెద్దలు ఆమె టేబుల్ దగ్గరే కాఫీ తాగి, ఆమె ముందే మాట్లాడుకునేవాళ్లు. అందుకే అటువైపూ ఇటువైపూ ఆమె కావాల్సి వచ్చింది.

పిస్టల్‌ని చేతిలో ఎగరేసి పట్టుకుని, “ఇది పిస్టలా, నీ పెళ్లాం హెయిర్ డ్రయ్యరా?” అంది.

“పెళ్లాం లేదు.”

“అందుకే ఇలా ఉంది. మొయ్యడానికి సుఖంగా ఉందని తేలికది కొన్నావు. కాల్చేటప్పుడు తేలికది నీ మాట వినదు. నీ గుండె కొట్టుకుంటే అదీ కొట్టుకుంటుంది. దీనికి ముందు వైపు బరువు కావాలి. బరువుంటే నిలబడుతుంది.”

ఆ ఏడు బ్యారెల్ కింద ఇత్తడి బరువు బిగించింది. లోపల గుల్ల. బిరడా తీస్తే ఫిల్మ్ పట్టేంత చోటు. సరిహద్దు దగ్గర గార్డులు పిస్టల్‌ని తిప్పితిప్పి చూసి, బరువు బాగుందని మెచ్చుకుని పంపించేవారు.

తర్వాతి ఏడు గ్రిప్. వాల్‌నట్ చెక్క మీద అతని అరచేయి గీసుకుని ఉలితో తొలిచింది. తడి లప్పం రాసి, “పట్టుకో, వదలకు” అని అతని చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి, ఆరేదాకా అలాగే కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ పని గురించి మాట్లాడుకోలేదు. ఇంకో ఏడు ట్రిగ్గర్. నొక్కాక ట్రిగ్గర్ ఇంకా వెనక్కి పోకుండా ఒక చిన్న స్క్రూ. ఆ తర్వాత సైట్. ఒకేసారి అన్నీ చేసి ఇవ్వగల మనిషి, ఏడాదికొక్కటే చేసింది. ఎందుకని అతను అడగలేదు. అడగకుండానే తెలుసు.

గోడ కూలాక ఒక కార్డు ముక్క వచ్చింది. వయసు మీద పడితే చెయ్యి మారుతుంది, గ్రిప్ మళ్లీ సరిచెయ్యాలి, రా అని. అప్పటికే ఆఫీసు ఆర్డరు వచ్చేసింది. అతను వెళ్లలేదు.

*

శనివారం క్లబ్ హాలు నిండా బ్రాట్‌వర్స్ట్ సాసేజ్‌లు కాలుతున్న వాసన. కంట్రోల్ టేబుల్ దగ్గర ఎమిల్ ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. పోటీకి వచ్చే ప్రతి పిస్టల్‌కీ కొలతలు చూసి, ట్రిగ్గర్‌కి కిలో రాయి తగిలించి, పిస్టల్‌ని నిటారుగా పైకెత్తుతాడు. రాయి లేచిందా, ట్రిగ్గర్ సరిగ్గా ఉన్నట్టు, స్టిక్కర్ వేస్తాడు. లేవకముందే ట్రిగ్గర్ టక్కుమంటే, ట్రిగ్గర్ మరీ తేలిక, పోటీకి పనికిరాదు.

ఎమిల్ అతన్ని చూసి లేచి, షూటర్ల పద్ధతిలో పలకరించాడు.

“మంచి గురి, హోల్గర్! మూడేళ్లయింది కదయ్యా!”

“మంచి గురి, ఎమిల్.”

“టైల్స్ ఎలా అమ్ముడవుతున్నాయి?”

“పర్లేదు.”

“పర్లేదట! ఒరేయ్, నువ్వు టైల్స్ అమ్మవని మాకు ఎప్పుడో తెలుసు. మా బాత్రూంకి ఎంతవుతుందని అడిగితే వారం ఆలోచించావు. గెర్లిండ్‌తో చెబితే, ‘వాడు అమ్మేది ఏదైనా గానీ నువ్వు కొనకు’ అంది.” ఎమిల్ నవ్వబోయి ఆగిపోయాడు. ఒక నల్ల రిబ్బన్ తీసి అతని చేతికి కట్టాడు. “అందరం కట్టుకుంటున్నాం. ఆమె కోసం.”

హాల్లో ప్రతి చేతికీ నల్ల రిబ్బన్ ఉంది. హాలుకీ కాల్చే లైన్‌కీ మధ్య ఉన్న అద్దం వెనక ఆఫీసు మనుషులు నలుగురు బీరు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల చెవుల్లో వైర్‌లెస్ గుండీలు. ఓస్టర్లో కిటికీ దగ్గర సాసేజ్ తింటున్నట్టు నటిస్తోంది. అంతమంది కలిసి చూస్తున్నా, ఎవరి మీద కన్నేయాలో ఎవరికీ తెలియదు.

అన్స్‌గార్ ఒక మూల కూర్చుని తన పిస్టల్ తీశాడు. బరువు సరిచూసుకొమ్మంది గెర్లిండ్. బ్యారెల్ కింద బరువు విప్పి చూశాడు. బిరడా తీశాడు. ఖాళీ. మూడేళ్లుగా ఆమె దాన్ని ముట్టుకోలేదు, అందులో ఏముంటుంది? అయినా చూశాడు.

జేబులో ఇంకో బరువు ఉంది. అది బయటికి తీశాడు. ఇదీ ఖాళీయే. కొత్తగా వేసిన డ్రిల్లు, పొడి ఇంకా రంధ్రం అంచున మెరుస్తోంది. ఫిల్మ్ దాచే మనిషైతే రంధ్రం నున్నగా తోమేది. గీత పడితే ఫిల్మ్ పాడవుతుంది. దీన్ని తోమలేదు. లోపల ఏదైనా పెట్టాలన్న ఉద్దేశం ఆమెకి లేదు.

మరి లోహం ఎందుకు తీసేసింది?

లేచి క్యాంటీన్‌లోకి వెళ్లాడు. ఎమిల్ భార్య ఉర్సెల్ బంగాళదుంప సలాడ్ తూస్తోంది.

“అమ్మా, ఆ తక్కెడ ఒక్కసారి.”

“దేనికి? ఇత్తడి కూడా తింటావా?”

రాయిని తక్కెడ మీద పెట్టాడు. ముల్లు తొమ్మిది వందల అరవై ఐదు గ్రాముల దగ్గర ఆగింది.

“కిలో అని రాసి ఉందే,” అంది ఉర్సెల్. “మోసం.”

“మోసమే,” అన్నాడు అన్స్‌గార్.

అతనికి ఆ వర్క్‌షాప్ కనిపించింది. పిస్టల్ కోసం వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. ఆమె ట్రిగ్గర్ సరిచేసింది. ఈ రాయి తగిలించి పిస్టల్ పైకెత్తింది. రాయి లేచింది. చూశావుగా, కిలో, అంది. వాడు తృప్తి పడ్డాడు. కానీ అసలు కిలో రాయిని ఆ ట్రిగ్గర్ ఎత్తలేదు. కంట్రోల్ టేబుల్ దగ్గర టక్కుమంటుంది. జీవితంలో ఒక్క గ్రాము తేడా రానివ్వని మనిషి చేసిన పిస్టల్ తూకంలో పడిపోతే, దాన్ని తెచ్చినవాడే హంతకుడు. ఫోన్‌లో తన మాట అర్థమయ్యేవాళ్లు లేనప్పుడు, వచ్చేవాడు రానప్పుడు, ఆమె ఈ దారి పెట్టుకుంది. కావాలంటే పారిపోగలిగేది. పారిపోతే వాళ్లు ఇంకో మేస్త్రిని చూసుకుంటారు, ఆ మేస్త్రి సరిగ్గా చేసి ఇస్తాడు.

పరుగులాంటి నడకతో కంట్రోల్ టేబుల్ దగ్గరికి వచ్చాడు.

“ఎమిల్, గెర్లిండ్ చేసిన పిస్టల్ ఏదైనా తూకంలో పడిపోయిందా?”

“ఏం మాటలవి?”

“పడిందా లేదా?”

“తూచలేదు. గెర్లిండ్ చేతి పని తూచడమా? ఆమె పోయి మూడ్రోజులు కాలేదు, ఆమె ట్రిగ్గర్‌కి నేను రాయి తగిలిస్తానా? నమస్కారం పెట్టి స్టిక్కర్ వేశాను.”

ఆమె అన్నీ లెక్క వేసుకుంది. తన పేరుకి ఉన్న బరువు ఒక్కటే లెక్కలో వేసుకోలేదు.

“ఎవరెవరివి?”

“మన వీలాండ్‌ది ఒకటి. ఇంకో రెండు బయటి అతిథులవి. ఒకాయన బ్రనో నుంచి. ఇంకొకాయన లక్సెంబర్గ్, ఓబ్రీ. చాలా మర్యాదస్తుడు. క్లబ్‌లో అందరం నువ్వే అన్నా వినడు, మీరు మీరు అంటాడు. గెర్లిండ్ కోసం పూలు కూడా తెచ్చాడు.”

“ఎక్కడున్నారు?”

“లైన్ మీద. వీలాండ్ ఎనిమిదిలో. వాళ్లిద్దరూ ఏడు, తొమ్మిది. వాళ్లే అడిగి మార్చుకున్నారు. మంచి షూటర్ పక్కన నిలబడతామని ఇద్దరూ అడిగారు.”

లోపల రేంజ్ ఆఫీసర్ గొంతు వినిపించింది. “లోడ్!”

వీలాండ్‌కి అటూ ఇటూ ఇద్దరు. ఇద్దరి పిస్టళ్లూ ఆమె చేసినవే. ఒకడి మీద చెయ్యి వేస్తే, వాడు కాకపోతే, రెండోవాడు కాలుస్తాడు. అద్దం వెనక నలుగురికీ వైర్‌లెస్‌లో చెప్పడానికి కూడా వేలు పెట్టి చూపించే మనిషి లేడు.

“ఎమిల్, ఆపు. లైన్ మొత్తం ఆపు.”

“పోటీ మధ్యలోనా? కారణం?”

“గెర్లిండ్ తప్పు చేసింది.”

ఎమిల్ అతని మొహంలోకి చూశాడు. ఇంకేమీ అడగలేదు. మెడలో విజిల్ తీసి ఊదుతూ తలుపు తోశాడు.

“స్టాప్! అన్‌లోడ్! స్టాప్!”

తొమ్మిదో లేన్‌లో చెయ్యి అప్పటికే సగం తిరిగి ఉంది. మ్యాగజైన్ లోపలికి వెళ్లింది, స్లయిడ్ మీద ఎడమ చెయ్యి, బ్యారెల్ మూతి ఎనిమిదో లేన్ వైపు వస్తోంది. స్టాప్ అన్న మాట వినగానే లైన్ మీద ఉన్న ప్రతి పిస్టల్ బల్ల మీదకి దిగింది. అలవాటు. ఆ మాట విన్నాక పట్టుకుని ఉండేవాడు షూటరే కాడు. తొమ్మిదో లేన్ మనిషి ఒక ఊపిరి ఆలస్యంగా, మిగతావాళ్లని చూసి తనూ దించాడు. ప్రమాదం అందరూ చూస్తుండగా జరగాలి గానీ, అందరూ ఆగిపోయాక ఒక్కడే కాలిస్తే అది ప్రమాదం అవ్వదు.

“ట్రిగ్గర్ కంట్రోల్,” అన్నాడు ఎమిల్. “ఏడు, ఎనిమిది, తొమ్మిది.”

ఏడో లేన్ బ్రనో ఆయన గొణుక్కుంటూ ఇచ్చాడు. ఎమిల్ మ్యాగజైన్ తీసి, ఛాంబర్ చూసి, అందులో ఒక ఖాళీ తూటా గొట్టం పెట్టాడు. రిమ్‌ఫైర్‌ని ఉత్తి ఛాంబర్ మీద పేలిస్తే అంచు నొక్కుకుపోతుంది. క్లబ్ రాయి తగిలించి పైకెత్తాడు. రాయి లేచింది. నిలిచింది. వీలాండ్‌ది లేచింది. నిలిచింది.

తొమ్మిదో లేన్ ఓబ్రీకి నలభై ఏళ్లుంటాయి. చేతికి నల్ల రిబ్బన్ నీట్‌గా కట్టుకున్నాడు.

“ఇందాక మీరు స్టిక్కర్ వేశారు కదండీ,” అన్నాడు.

“మళ్లీ చూస్తాం.”

“రూల్ ప్రకారమేనా?”

“రూల్ ప్రకారమే.”

ఓబ్రీ చిన్నగా నవ్వాడు. అతనికి భయం లేదు. కిలో లేవడం తన కళ్లతో చూశాడు. పిస్టల్‌ని తిప్పి, పిడి ఎమిల్ వైపు పెట్టి, తన చేత్తోనే ఇచ్చేశాడు.

ఎమిల్ మ్యాగజైన్ తీశాడు. ఖాళీ గొట్టం పెట్టాడు. రాయి తగిలించాడు. నెమ్మదిగా పైకెత్తాడు. రాయి అడుగు బల్లని వదలకముందే ట్రిగ్గర్ టక్కుమంది.

“ఇంకోసారి,” అన్నాడు అన్స్‌గార్.

టక్.

“మీ రాయి తప్పు,” అన్నాడు ఓబ్రీ. మొదటిసారి గొంతు పెరిగింది. “ఆమె నా ముందే తూచింది. కిలో లేచింది. నేను చూశాను.”

“ఎప్పుడు?”

“బుధవారం సాయం...” అని ఆగిపోయాడు.

బుధవారం సాయంత్రం గెర్లిండ్‌ని ప్రాణంతో చూసిన మనిషి ఒక్కడైనా ఉన్నాడా అని పోలీసులు రెండు రోజులుగా ఊరంతా అడుగుతున్నారు. ఎవరూ చెప్పలేదు.

అన్స్‌గార్ జేబులోంచి ఇత్తడి రాయి తీసి అతని ముందు పెట్టాడు. “ఇదేనా?”

ఓబ్రీ రాయిని చూశాడు. దాని అడుగున నల్లరంగు బిరడా చూశాడు. అప్పటికి అద్దం వెనక మనుషులు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. ఒకడు సంకెళ్లు వేయబోతే రిబ్బన్ అడ్డొచ్చింది. అన్స్‌గార్ ఆ ముడి తానే విప్పి, రిబ్బన్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

మధ్యాహ్నం ఓస్టర్లో అతని బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. వీలాండ్ మూడో స్థానంలో ఉన్నాడు. తన పక్కన ఏం జరిగిందో చెబితే, నా రెండో సీరీస్ చెడిపోయింది అని మాత్రం అన్నాడట.

“ఆమె మన మనిషే,” అంది ఓస్టర్లో. “అలాగే రాయిస్తాను.”

“రాయించండి.”

“మీకు ముందే తెలుసా?”

“తెలుసుకోడానికి రెండు గంటల రైలు ప్రయాణం. మూడేళ్లు చెయ్యలేదు.”

ఆమె గ్లాసు తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఎమిల్ ఫలితాల బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిదో లేన్ ఎదురుగా గడి ఖాళీగా ఉంది.

“అనర్హుడు అని రాస్తాను. కారణం రాయాలి కదా, ఏం రాయను?”

“ట్రిగ్గర్ తూకం తక్కువ.”

“మేస్త్రి పేరు కూడా రాయడం మా క్లబ్ పద్ధతి.” ఎమిల్ సుద్దముక్క కిందకి దించాడు. “ముప్పై ఏళ్లలో ఆమెది ఒక్కటీ పడలేదు హోల్గర్. ఇప్పుడు ఆమె పేరు పక్కన ఇది రాయమంటావా?”

“రాయి. పెద్దగా రాయి.”

ఎమిల్ రాశాడు. గెర్లిండ్ కెంప్ఫ్. సుద్ద విరిగితే ఇంకోటి తీసుకుని పూర్తి చేశాడు. వెనక్కి వచ్చి, అన్స్‌గార్ పిస్టల్‌ని బల్ల మీంచి అందుకుని, అడగకుండానే క్లబ్ రాయి తగిలించి పైకెత్తాడు. రాయి లేచింది. గాలిలో ఆగింది. అతను కిందకి దించేదాకా అలాగే ఉంది.

“కిలో ఉంది. నీది మాత్రం సరిగ్గానే చేసింది.”

అన్స్‌గార్ పిస్టల్ తీసుకుని గ్రిప్‌లో చెయ్యి పెట్టాడు. ఆమె చెప్పింది నిజం. చెయ్యి మారింది. చూపుడు వేలి కింద, చెక్కకీ చర్మానికీ మధ్య, కాస్త ఖాళీ.

“గ్రిప్ వదులైంది,” అన్నాడు.

“ఊళ్లో ఇంకో ఇద్దరు మేస్త్రీలున్నారు. లప్పం పెడితే గంటలో పని.”

“ఆరడానికి ఎంతసేపు పడుతుంది?”

“పది నిమిషాలు.”

“మాకు మధ్యాహ్నం అంతా పట్టింది,” అన్నాడు అన్స్‌గార్. “నాసిరకం లప్పం అయ్యుంటుంది.”